వెలిగిన సగం నాలుక

గుంటూరులో మిరప యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే, మా స్కాన్ సెంటరు మెట్ల మీద కూర్చున్నవాళ్ళంతా వరసగా దగ్గడం మొదలుపెట్టేవారు. నేను లోపల చీకటి గదిలో, తెర ముందు ఉండేవాణ్ణి. ఆ దగ్గులు గోడ దాటి వచ్చేసరికి మెత్తబడి, ఎక్కడో దూరంగా వాన మొదలైనట్టు వినిపించేవి. తెర మీద బూడిదరంగు ముఖాలు. దవడ, నాలుక, గొంతు పలచని పొరలుగా ఒకదాని వెనక ఒకటి జారిపోయేవి. మౌసు చక్రం తిప్పుతుంటే నేనే ఆ మనిషి లోపలికి నెమ్మదిగా మునుగుతున్నట్టుండేది.

నోటి క్యాన్సరుకు వైద్యం అయిపోయినవాళ్ళు కొన్ని నెలలకోసారి వచ్చి స్కాను తీయించుకుంటారు. జబ్బు మళ్ళీ వచ్చిందా లేదా అన్నది ఆ పొరల్లో చూసి చెప్పాలి. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అదే పని. కుడి కంటి రెటీనా దెబ్బతిని, ఇంకా రిటైరయ్యే వయసు రాకుండానే మానేశాను. బూడిదరంగులో ఇంకో బూడిదరంగును పట్టుకోలేని కన్ను ఈ పనికి చాలదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను క్లాసులకు పిలుస్తూ వచ్చారు. పంతులుగారి నాలుక కథ చెప్పమని వాళ్ళే అడిగేవారు. నేను బొమ్మ వేసి చూపించేవాణ్ణి, నవ్వించేవాణ్ణి. చివరిసారి క్లాసులో అందరూ నవ్వుతుండగా వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"తర్వాత ఆయనేమయ్యారు సార్?"

"బాగానే ఉన్నారమ్మా," అన్నాను.

అది అబద్ధం. ఆ కథను నేను ఎప్పుడూ సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి పేరు అడగలేదు. ఇది ఆమె కంటపడితే బాగుండును.

దిద్దిన నోరు

ముందు మీరు చూడబోయే నోటి గురించి చెప్పాలి. పుస్తకంలో బొమ్మ వేసిన నోరు ఈ స్కానుల్లో ఉండదు. బుగ్గ తీసేసిన చోట రొమ్ము కండ తెచ్చి కుట్టి ఉంటారు. నాలుక సగం పోతే ముంజేతి చర్మం అతుకుతారు. దవడ పోతే కాలి ఎముక. ఆ పైన రేడియేషను. ఇవన్నీ అయ్యాక లోపలి కొవ్వు పొరలు గింజ తీసిన పత్తిలా పింజలు పింజలుగా చెదిరిపోయి ఉంటాయి. ఏది మచ్చ, ఏది వాపు, ఏది కొత్త జబ్బు అని తేల్చడం, తెల్లవారుజామున మంచు పట్టిన చేలో గట్లు వెతుక్కోవడం లాంటిది. గట్టు ఉందని తెలుసు. కనపడదు.

పొదిలి నుంచి కోటయ్య అనే ట్రాక్టరు డ్రైవరు వచ్చేవాడు. గుట్కా వల్ల ఎడమ బుగ్గ పోయింది. రొమ్ము కండతో, రొమ్ము చర్మంతో కొత్త బుగ్గ వేశారు. అతనికి రేడియేషను అవసరపడలేదు కాబట్టి ఆ చర్మం మీది వెంట్రుకలు పెరుగుతూనే ఉన్నాయి.

"నోట్లో మీసం మొలిచిందండీ డాక్టరుగారూ," అన్నాడు. "బయట మీసం మా ఆవిడ తీసెయ్యమంటది. లోపల మీసం మీరు తీసెయ్యమంటారా?"

"అది తర్వాత చూద్దాం. పాత స్కాను సీడీ తెచ్చావా?"

"చేలో ఉందండి."

"సీడీ చేలో ఎందుకుందయ్యా?"

"సజ్జ చేలో కర్రకి కట్టామండి. ఎండకి తళుక్కు తళుక్కుమంటా ఉంటే పిట్ట వాలట్లేదు. మీ స్కాను బ్రహ్మాండంగా పనిచేస్తందండి."

అది వచ్చేదాకా రిపోర్టు రాయనని కూర్చున్నాను. మర్నాడు అతని తమ్ముడు దాన్ని విప్పి తెచ్చాడు. గీతలు పడి, పిట్ట రెట్టతో. తుడిచి పెడితే ఎలాగో ఆడింది. కొత్త స్కానులో నన్ను భయపెట్టిన గడ్డ పాతదానిలోనూ అక్కడే, అంతే ఉంది. పని లేక చచ్చుబడుతున్న రొమ్ము కండ. అంతకంటే ఏమీ లేదు. కోటయ్యకు ఆ మాట చెబితే, "అయితే సీడీ ఇచ్చెయ్యండి, సజ్జ ఇంకా కోతకి రాలా," అన్నాడు.

పాతది పక్కన పెట్టుకోకుండా కొత్తదాని గురించి నోరు తెరవకండి. ఇలాంటివి నేను సరిగ్గా చేసినవి చాలా ఉన్నాయి. తప్పు చేసిన రోజున నన్నెవరూ అనుమానించకపోవడానికి కారణం కూడా అదే.

కారం తింటున్నావా?

నాకు పని నేర్పినాయన్ని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. ఆయన స్కాను చూసే ముందు బయటికి వెళ్ళి రోగి పక్కన బెంచీ మీద కూర్చునేవారు. ఒకటే ప్రశ్న. "కారం తింటున్నావా?"

మా ప్రాంతంలో అది చిన్న ప్రశ్న కాదు. రేడియేషను అయినవాళ్ళు మజ్జిగన్నం మీద బతుకుతారు. బతుకంతా మిరప పండించినవాడు మిరపకాయ తొడిమ కూడా నాలుకకు తాకించలేడు. నెలలు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా కారం పడుతోందంటే నోరు మానుతోందని అర్థం. పోయినసారి గోంగూర పచ్చడి తిన్నానని చెప్పినవాడు ఈసారి మళ్ళీ పెరుగన్నానికి దిగాడంటే ఎక్కడో పుండు లేచింది. పెద్దాయన ఆ జవాబు విని వచ్చి, అప్పుడు తెర వైపు చూసేవారు.

నేను బద్ధకించి లోపలే కూర్చుంటే చిరాకుపడేవారు. "ఏరా, మనిషి బయట కూర్చునుంటే నువ్వు లోపల ఆయన నీడతో మాట్లాడుకుంటావేంట్రా?"

ఆయన వెళ్ళిపోయాక స్కానులు పెరిగాయి. పెట్ స్కాను యంత్రం వచ్చింది. నేను బయటికి వెళ్ళడం మానేశాను. పని ఎక్కువైందని చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆ చీకటి గది నాకు ఇష్టమైపోయింది. అందులో ఎవరూ ఏడవరు. ఎవరూ చేతులు పట్టుకోరు. బూడిదరంగు మాత్రం మెల్లగా కదులుతుంటుంది.

'ఉండవచ్చు'

సర్జన్ ప్రభాకర్ నాకు కాలేజీ నాటి స్నేహితుడు. ఒకసారి ఒక ముసలావిడ స్కానులో చిన్న మచ్చ చూసి 'జబ్బు ఉండవచ్చు' అని రాశాను. ఆ మాట చూసి అతను ఆగాడు. జబ్బు ఆగలేదు. తర్వాత నా గదికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఒరేయ్, నీ రిపోర్టుల్లో 'ఉండవచ్చు' తీసేస్తే కాగితం ఖాళీరా. ఉందా లేదా? అది చెప్పు చాలు. కత్తి పట్టుకునేది నేను."

"ప్రతిదీ అలా తెగేసి చెప్పలేంరా."

"చెప్పలేనోడివి ఆ కుర్చీలో ఎందుకు?"

ఆ మాట నాకు బాగా తగిలింది. మా రిపోర్టుల్లో 'ఉండవచ్చు' ఒక్కోసారి పిరికితనం, ఒక్కోసారి నిజం. ఏది ఏదో విడదీసుకోవడం నేర్చుకోవాల్సింది. నేను రెంటినీ కలిపి పారేశాను. ఆ తర్వాత కొద్ది రోజులకే శర్మగారి స్కాను వచ్చింది.

వెలుగు

కామేశ్వర శర్మగారు చీరాల దగ్గర పురోహితులు. జర్దా కిళ్ళీ అలవాటు. నాలుక ఎడమ సగం తీసేసి, ఆ చోట ముంజేతి చర్మం అతికారు. రేడియేషను కూడా అయింది. మిగిలిన కుడి సగంతోనే ఆయన పట్టుబట్టి అక్షరాలు మళ్ళీ నేర్చుకున్నారు. పొద్దున్నే వసారాలో కూర్చుని పలక పట్టిన పిల్లాడిలా అచ్చులు, హల్లులు వల్లెవేసేవారట. ఏడాది తిరిగేసరికి మళ్ళీ పెళ్ళిళ్ళు చేయించడం మొదలుపెట్టారు. అంతా బాగుందో లేదో చూడమని ప్రభాకర్ పెట్ స్కానుకు పంపాడు.

పెట్ స్కాను అంటే, కాస్త రేడియోధార్మిక పదార్థం కలిపిన చక్కెరను ఇంజెక్షనుగా ఇస్తారు. ఆకలిగా ఉన్న కణాలు దాన్ని ఎక్కువగా తీసుకుంటాయి, తెర మీద వెలుగుతాయి. క్యాన్సరు కణాలు వెలుగుతాయి. పనిచేస్తున్న కండ కూడా వెలుగుతుంది. అందుకే ఇంజెక్షను ఇచ్చాక గంటసేపు చీకటి గదిలో కదలకుండా పడుకోబెడతాం. మాట్లాడవద్దంటాం.

ఆ బొమ్మ ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. మసక దేహం, నీళ్ళ అడుగున పడుకున్న మనిషిలా. మెదడు వెలుగుతోంది, గుండె వెలుగుతోంది. అవి మామూలే. నోటి దగ్గర, కుడివైపున, గూట్లో పెట్టిన ప్రమిదలాగా ఒక్కటే వెలుగు. ఇంత అందంగా ఉందేమిటా అనుకున్నాను.

మామూలు నాలుక పనిచేస్తే రెండు పక్కలా సమానంగా వెలుగుతుంది. చూడగానే ఇది కండ అని తెలిసిపోతుంది. ఒక పక్కే వెలిగితే జబ్బు అనుకోవడానికి మా కళ్ళు అలవాటు పడ్డాయి. శర్మగారి నాలుక ఎడమ సగం చేతి చర్మం. అది పనిచేయదు, వెలగదు. బతికున్న సగమే వెలిగింది. ఆ మాత్రం నాకు తట్టలేదు. వెలుగు కింద, దాంతోపాటే తీసే సీటీ స్కాను పొరల్లో గడ్డ లేదు. అది చూశాను కూడా. ఇంకా చిన్నదిలే, కనబడే వేళ కాలేదు అనుకున్నాను. 'జబ్బు తిరగబెట్టింది' అని రాశాను. 'ఉండవచ్చు' అని రాయలేదు.

శర్మగారు అప్పుడు తలుపు అవతలే బెంచీ మీద ఉన్నారు.

క్లాసులో నేను ఈ బొమ్మ వేసి, జబ్బెక్కడుందో చూపించమనేవాణ్ణి. అందరూ ఆ వెలుగునే చూపించేవారు. అప్పుడు చెప్పేవాణ్ణి: ముక్క కోసి బయాప్సీ చేస్తే ఏమీ రాలేదు, నేను వెళ్ళి ఆయన్ని అడిగాను, ఆ గంటసేపూ ఆయన జపం చేసుకుంటూ పడుకున్నారట! క్లాసంతా గొల్లున నవ్వేది. రోగి మన మాట వినకపోతే ఇలాగే ఉంటుంది అని ముగించేవాణ్ణి.

క్లాసులో వదిలేసినది

బయాప్సీ ఒకటి కాదు. రెండు.

మొదటిదానిలో ఏమీ రాలేదని ప్రభాకర్ ఫోన్ చేశాడు. "క్లీన్‌గా ఉందిరా. నీ బొమ్మ ఇంకోసారి చూడు."

నేను చూడలేదు. "నువ్వు పైపైన తీశావు. ఇంకా లోతుకెళ్ళు."

"రేడియేషను అయిన నాలుకరా అది. కోస్తే మానదు. కొన్నాళ్ళు ఆగి స్కాను మళ్ళీ తీద్దామా?"

"ఉందా లేదా చెప్పమన్నావుగా. ఉందని చెప్పాను. కత్తి పట్టుకునేవాడివి నువ్వు."

అతని మాటే అతనికి తిప్పికొట్టినందుకు ఆ క్షణం నాకు ఎంత తృప్తిగా అనిపించిందో మీకు చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. ఆ తృప్తికి ఒక మనిషి నాలుక బలైంది. ప్రభాకర్ రెండోసారి లోతుగా కోశాడు. అందులోనూ ఏమీ లేదు.

అప్పుడు వెళ్ళాను ఆయన దగ్గరికి. వార్డులో మంచం మీద, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. భార్య అన్నపూర్ణమ్మగారు పక్కన నిలబడ్డారు.

"శర్మగారూ, స్కాను రోజున ఆ గదిలో ఎవరితోనైనా మాట్లాడారా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "లేదండి. మాట్లాడొద్దన్నారుగా. జపం చేసుకున్నాను."

"జపమంటే? పైకా?"

"ఉపాంశువండి. పెదవి, నాలుక కదులుతాయి. పక్కనున్నవాడికి కూడా వినపడదు."

నాకు ముందు ఊపిరి వచ్చింది. క్యాన్సరు లేదు. వెంటనే నవ్వు వచ్చింది. ఆ నవ్వు వెనకాలే, తప్పు నాది కాకుండా పోయే దారి కనపడింది. దాన్ని పట్టుకున్నాను.

"మాట్లాడొద్దంటే నోరు కదపొద్దనే కదండీ? జపమైనా నోరు నోరేగా. చూశారా, మీ జపమే మీ మీదికి తెచ్చింది."

శర్మగారు తువ్వాలు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించారు. "తప్పేనండి. క్షమించండి," అన్నారు నాతో.

నేను క్షమించి వచ్చేశాను.

'మాట్లాడవద్దు' అన్న మాట మాది. నాలుక కదపవద్దు, జపం కూడా చేయవద్దు అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పురోహితుడు చీకటిలో గంటసేపు ఒంటరిగా పడుకుంటే జపం కాక మరేం చేస్తాడు? పెద్దాయన అయితే స్కాను చూసే ముందే బెంచీ మీద కూర్చుని, 'ఏమండీ, లోపల ఏం చేస్తూ పడుకున్నారు?' అని ఒక్కమాట అడిగి ఉండేవారు.

పుండు నెలల తరబడి మానలేదు. మానాక నాలుక కొస నోటి అడుక్కి అంటుకుపోయింది. ఆ తర్వాతి స్కానులు కూడా నాకే వచ్చాయి. పొట్టిగా, కట్టేసినట్టున్న ఆ నాలుకను పొరపొరగా చూశాను. 'జబ్బు లేదు. శస్త్రచికిత్స తర్వాతి మార్పులు మాత్రమే' అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. రిపోర్టు నిజమై ఉండి కూడా మనిషి అబద్ధమాడవచ్చని అప్పుడు తెలిసింది. తెలిసీ క్లాసులో నవ్వించాను.

వాడరేవు రోడ్డు

ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత కొన్ని రోజులకు బయల్దేరాను. చిలకలూరిపేట దాటాక కళ్ళాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. నా పాడైన కంటికి ఆ ఎరుపు అంచులు దాటి, రోడ్డు మీదికి, ఆకాశంలోకి పాకినట్టు కనిపించింది. మార్టూరు దగ్గర రాయి కోసే మిషన్ల దుమ్ము తెల్లగా తేలుతోంది. కారు కదులుతోందో, అవన్నీ నా లోపల కదులుతున్నాయో తెలియలేదు. చాలాసేపు తెర ముందు కూర్చున్నట్టే ఉంది.

శర్మగారి ఇల్లు చీరాల దాటాక వాడరేవు రోడ్డులో. సముద్రపు గాలి వస్తోంది. అన్నపూర్ణమ్మగారు తలుపు తీసి, గుర్తుపట్టి, గుమ్మం పట్టుకున్నారు.

"స్కాను డాక్టరుగారా? మళ్ళీ ఏమన్నా కనపడిందా అండీ?"

"లేదమ్మా. జబ్బు లేదు. వారితో మాట్లాడదామని వచ్చాను."

ఆవిడ కుర్చీ వేశారు. శర్మగారు పెరట్లో ఉన్నారట. ఆయన వచ్చేలోపు గొంతు తగ్గించి చెప్పారు. "పెళ్ళిళ్ళు చేయించడం మానేశారండి. ముహూర్తాలు పెడతారంతే. స్పష్టంగా పలకలేనివాడు ఇంకొకరి పెళ్ళికి మంత్రం చెప్పకూడదంటారు. సరే, దానికి నేను సర్దుకున్నాను. జపం కూడా మానేశారు చూడండి, అది చూడలేకపోతున్నాను. దేవుడి దగ్గర దీపం పెడతారు, పెదాలు బిగించుకుని కూర్చుంటారు, లేచి వచ్చేస్తారు."

శర్మగారు వచ్చారు. చిక్కిపోయారు. మాట ముద్దగా ఉంది, కాని నెమ్మదిగా వింటే అంతా అర్థమవుతోంది.

"జపం ఎందుకు మానేశారండీ?" అని అడిగాను.

"మీరేగా చెప్పారు. నా జపమే నా మీదికి తెచ్చిందని."

నేను ఒక్క మాటతో, నా తప్పును ఆయన దేవుడి దగ్గరికి చేర్చి వచ్చాను. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉంది.

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆ వెలుగు జబ్బు కాదని, బతికున్న సగం నాలుక ఒంటరిగా పనిచేస్తున్న వెలుగని. ఒక్కమాట అడిగితే తెలిసేదని, అడగలేదని. మొదటి పరీక్షలోనే ఏమీ లేదని తేలిందని.

"రెండోసారి కోయడం..." అన్నారాయన.

"నేను కోయించానండి. ప్రభాకర్ ఆగుదామన్నాడు. నేను పట్టుబట్టాను."

మజ్జిగ తెస్తానని లేచిన అన్నపూర్ణమ్మగారు నా మాటలు విని అక్కడే ఆగిపోయారు. నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. మజ్జిగా రాలేదు. నేను అక్కడున్నంతసేపూ వంటింట్లో ఒక్క గిన్నె చప్పుడు కూడా కాలేదు.

శర్మగారు తన చేతుల వంక చూసుకున్నారు. ఎడమ ముంజేతి మీద, నాలుకకోసం చర్మం తీసిన చోట, నున్నటి మచ్చ ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దుకున్నారు.

"అయితే జపం చేయడం తప్పు కాదన్నమాట."

"కాదండి."

"నిజమేనా? నన్ను ఊరడించడానికి అనడం లేదుగా?"

"కాదండి. తప్పు నాది."

పర్వాలేదని ఆయన అనలేదు. క్షమించానని అనలేదు. అంటారేమోనని ఎదురుచూశానని ఒప్పుకుంటున్నాను. ఆయన లేచి కాళ్ళు కడుక్కుని, గోడ పక్కనున్న పీట వాల్చుకుని తూర్పుకు తిరిగి కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. తర్వాత పెదవులు కొద్దిగా కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. చప్పుడు లేదు. ఆ పెదవుల వెనక కట్టేసినట్టున్న నాలుక ఎలా లేస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో నాకు తెలుసు. ఎన్నోసార్లు పొరపొరగా చూసినదే. మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

వెళ్ళిపోదామని చెప్పుల వైపు చూశాను. మళ్ళీ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. వసారాలో ఎండ నేల మీద జరుగుతోంది. వాడరేవు గాలికి తలుపు రెక్క మెల్లగా కొట్టుకుంటోంది.

తర్వాత ఆయనేమయ్యారని అడిగావు కదమ్మా. నేను లేచి వచ్చేటప్పటికి, ఇంకా జపంలోనే ఉన్నారు.